గున్నమ్మ బజ్జీల పొట్లం

అనగనగా కొండవార ఒక ఊరు. పెద్ద పట్నమూ కాదు, చిన్న పల్లెటూరూ కాదు. ఒక రైలు గేటు, ఒక సినిమా హాలు, ఒక కాలేజీ ఉన్న ఊరు. ఆ కాలేజీలో చదువుకోవడానికి చుట్టుపక్కల పల్లెల పిల్లలు వచ్చి, గదులు అద్దెకి తీసుకుని ఉండేవారు. దుప్పటి కప్పుకో చిన్నీ, చెప్తాను.

అలా వచ్చినవాళ్ళలో సత్యవేణి అని ఒక పిల్ల. దాని స్నేహితురాలు ఇందుమతి. ఇద్దరిదీ ఒకటే గది, ఒకటే కిరసనాయిలు స్టవ్వు, ఒకటే దువ్వెన.

పరీక్షలొచ్చాయంటే మిగతా పిల్లలందరూ బెంగ పెట్టుకునేవారు. వీళ్ళిద్దరూ మాత్రం రోజూ సాయంత్రం పుస్తకాలు మూసేసి ఊరి మీద పడేవారు. గేటు దగ్గర సన్యాసిరావు హోటల్లో పెసరట్టు, అల్లం పచ్చడి. సినిమా హాలు ఎదురుగా బండి మీద నిమ్మసోడా. బస్టాండు వెనక బేకరీలో వెన్న రాసిన బన్ను. అన్నీ చిన్న చిన్న కొట్లే. పిల్లల దగ్గరుండే చిల్లరకి కడుపు నిండే కొట్లే. ఎక్కడ ఏది ఏ వేళకి వేడిగా దొరుకుతుందో ఇందుమతికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. "ఇప్పుడు వెళ్తే రెండో వాయి దొరుకుతుందే, నడు" అని సత్యవేణి చెయ్యి పట్టుకుని లాక్కుపోయేది.

అలా ఉండగా ఒక ఏడు ఇందుమతి ఒక పరీక్ష తప్పింది. అప్పుడు వాళ్ళ నాన్న, "కడుపు నిండా తిని పడుకుంటే చదువెలా వస్తుందే" అన్నాడు. ఒక్కసారే అన్నాడు. కోపంగా కూడా అనలేదు. కానీ ఆ మాట ఆ పిల్ల లోపలికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది.

ఆ మరుసటి ఏడు పరీక్షలు దగ్గరపడేసరికి ఇందుమతి తినడం మానేసింది. పొద్దున్న టీ, మధ్యాహ్నం గ్లాసుడు మజ్జిగ, సాయంత్రం మళ్ళీ టీ. "తింటే నిద్రొస్తుందే" అనేది. చేతి గాజులు మోచేతి దాకా జారిపోయేవి. సత్యవేణి ఒక్కతీ కొట్లకి వెళ్ళి, దానికోసం పొట్లం కట్టించి తెచ్చేది. ఆ పొట్లం అలాగే చల్లారిపోయేది. తెల్లారాక కాకులకి వేసేది.

ఆ రోజుల్లోనే సత్యవేణి కంట పడింది గున్నమ్మ కొట్టు.

పాడుబడ్డ బియ్యం మిల్లు వెనక ఒక సందు ఉంది. ఈ ఇద్దరూ ఎప్పుడూ అటు వెళ్ళినవాళ్ళు కారు. ఆ సాయంత్రం బజ్జీల వాసన వస్తే, సత్యవేణి ఆ వాసన పట్టుకుని వెళ్ళింది. సందు చివర పొగచూరిన గోడ, ఒక పొయ్యి, ఒక మూకుడు, ఒక బల్ల. పొయ్యి దగ్గర తెల్లజుట్టు మామ్మ ఒకావిడ. ఆవిడే గున్నమ్మ. పిండి వేస్తుంటే ఆవిడ మూకుట్లో నూనె చప్పుడు చెయ్యలేదు. బుడగలొస్తున్నాయి, పునుగులు ఎర్రగా వేగుతున్నాయి, చప్పుడు మాత్రం లేదు.

పునుగులు అమృతంలా ఉన్నాయి. సత్యవేణి అక్కడే నిలబడి పొట్లం ఖాళీ చేసేసింది. ఆ తర్వాత చెయ్యి తుడుచుకుంటూ కాగితం చూసింది. ఏదో పరీక్షలో రాసిన జవాబు. శాతవాహనుల కాలంలో వర్తకం ఎలా సాగేదో రాసి ఉంది. రాత తనదే. 'ళ' కింద పొడుగ్గా తోక లాగడం, సున్నాలు చిన్నగా చుట్టడం, అన్నీ తనవే. కానీ ఆ జవాబు తను ఎప్పుడూ రాయలేదు.

ఎవరి రాతో నా రాతలాగే ఉంది అనుకుని ఊరుకుంది.

మర్నాడు చరిత్ర పరీక్ష. మొదటి ప్రశ్న శాతవాహనుల వర్తకం. రాస్తూ ఉండగా ఒక మాట తప్పు పడి కొట్టేసింది. అప్పుడు గుర్తొచ్చింది. నిన్నటి కాగితంలో కూడా అదే వరసలో, అదే మాట కొట్టేసి ఉంది. వీపు మీద చన్నీళ్ళు పోసినట్టయింది ఆ పిల్లకి.

భయపడింది కదా, మళ్ళీ వెళ్ళకూడదు కదా? వెళ్ళింది. రెండోసారి మిరపకాయ బజ్జీలు తీసుకుంది. ఈసారి కాగితంలో ధరలు ఎందుకు పెరుగుతాయో రాసి ఉంది. పక్కన బొటనవేలి ముద్రంత సిరా మరక. మర్నాడు అర్థశాస్త్రం పరీక్షలో అదే ప్రశ్న వచ్చింది. జవాబు సగంలో ఉండగా పెన్ను సిరా కక్కింది. బొటనవేలితో తుడిచింది. మరక సరిగ్గా అక్కడే పడింది.

ఆ తర్వాత సత్యవేణికి చదువు మీద ధ్యాస పోయింది. సన్యాసిరావు పెసరట్టు గుర్తురాలేదు, నిమ్మసోడా గుర్తురాలేదు. సాయంత్రం ఎప్పుడవుతుందా, పొట్లం ఎప్పుడు విప్పుదామా అని ఒకటే ఆత్రం. ఇందుమతికి ఈ సంగతి చెప్పనేలేదు. ఎందుకు చెప్పలేదో దానికే తెలీదు. చెప్తే ఆగిపోతుందేమో అనుకుంది కాబోలు.

మూడోసారి వెళ్ళినప్పుడు అరటికాయ బజ్జీలు వేస్తోంది గున్నమ్మ. అవంటే ఇందుమతికి ప్రాణం. "ఇవి మా ఇందుకి మామ్మా, పొట్లం కట్టు" అంది. సందు మలుపు దాకా వచ్చి, ఆగలేక అక్కడే విప్పేసింది.

ఈసారి రాత తనది కాదు. అక్షరాలన్నీ ఎడమ పక్కకి వాలి ఉన్నాయి. ఎడంచేత్తో రాసే ఇందుమతి రాత. పంచాయతీల గురించి జవాబు. చక్కగా నడిచి నడిచి, "అధికారాలు గ్రామాల చేతికి రావడం వల్ల ప్రజలకు" అన్నచోట ఆగిపోయింది. ఆ ఆఖరి అక్షరం నుంచి ఒక సిరాగీత వంకరటింకరగా కిందికి జారి, కాగితం అంచు దాకా పోయింది. ఆ కింద అంతా తెలుపు.

సత్యవేణి వెనక్కి పరుగెత్తింది. అప్పటికింకా వెలుతురుంది. గున్నమ్మ పొయ్యిలో నిప్పులు ఎగదోస్తోంది.

"మామ్మా, ఈ కాగితాలు ఎక్కడివి?"

గున్నమ్మ తల ఎత్తలేదు. "మా పిల్ల కాగితాలమ్మా" అంది.

"మీకు పిల్ల ఉందా?"

"ఉండేది. రమణి. నీ ఈడుదే. ఈ కాలేజీలోనే చదివేది. పరీక్షలని చెప్పి తిండి మానేసింది. నేను ఊరందరి పిల్లలకీ బజ్జీలు వేసి పెట్టేదాన్ని. అది మాత్రం ముట్టేది కాదు. ఆఖరి పరీక్ష నాడు రాస్తూ రాస్తూ బల్ల మీద వాలిపోయిందంట. నిద్రపోయిందనుకున్నారు. గంట కొట్టేదాకా ఎవ్వరూ లేపలేదు."

సత్యవేణి చేతిలోని కాగితం వంక చూసింది.

"కాలేజీలో ఉన్న దాని కాగితాలన్నీ కట్ట కట్టి నాకిచ్చారు. కళ్ళెదుట ఉంటే చూడలేకపోయాను. పోనీ, తినే పిల్లల చేతుల్లోకైనా వెళ్తాయి కదా అని పొట్లాలు కట్టడం మొదలెట్టాను. పన్నెండేళ్ళయింది. రోజూ తీస్తూనే ఉన్నాను. కట్ట తరగట్లేదు."

బల్ల కింద కట్ట చూపించింది. మోకాలంత ఎత్తుంది.

"నాకు అక్షరం ముక్క రాదమ్మా. కొంతమంది పిల్లలు పొట్లం విప్పగానే మొహం పాలిపోతుంది. మళ్ళీ ఇటు రారు. నువ్వొక్కతివే వెనక్కొచ్చావు. ఏం రాసుంది అందులో? మా రమణి రాతేనా?"

ఏం చెప్తుంది పాపం? "చదువు గురించే రాసుంది మామ్మా" అంది.

"అందరూ అదే చెప్తారు" అని గున్నమ్మ మళ్ళీ పొయ్యి వైపు తిరిగింది.

అప్పుడు సత్యవేణి గదికి వచ్చి ఇందుమతికి అంతా చెప్పింది. మొదటి పొట్లం నుంచి మూడో పొట్లం దాకా ఏదీ దాచలేదు. కాగితం చేతికిచ్చింది. ఇందుమతి దాన్ని చాలాసేపు చూసింది.

"నా రాతే" అంది. "ఎప్పుడు రాశానో మరి."

"నువ్వు రాయలేదే. రేపు రాస్తావు. ఆ గీత చూడు. నీ చెయ్యి జారిపోయింది అక్కడ."

"పెన్ను జారి ఉంటుంది." ఇందుమతి కళ్ళ కింద నల్లగా గుంటలు పడి ఉన్నాయి. "మంచి ప్రశ్న. ఒకసారి చూసుకుంటాను."

"రెండు బజ్జీలు తిను ఇందూ. నీకు దణ్ణం పెడతాను."

"వద్దే. నిద్రొస్తుంది."

ఎంత బతిమాలినా తినలేదు. పొద్దున్న ఇడ్లీ తెస్తే ఒక ముక్క నోట్లో పెట్టుకుని, మింగలేక కక్కేసింది. ఇవాళ పరీక్షకి వెళ్ళకే అంటే వినలేదు. గుమ్మానికి అడ్డంగా నిలబడితే పక్కకి తోసి వెళ్ళిపోయింది. తోసిన చేతిలో బలమే లేదు.

హాల్లో ఇద్దరికీ ముందూ వెనకా బల్లలు. ఇందుమతి ముందు, సత్యవేణి వెనక. ప్రశ్నపత్రం ఇచ్చారు. మూడో ప్రశ్న పంచాయతీలు.

సత్యవేణి పెన్ను మూత కూడా తియ్యలేదు. ఇందుమతి ఎడంచేతినే చూస్తూ కూర్చుంది. మొదటి ప్రశ్న అయింది. రెండోది అయింది. మూడోది మొదలెట్టింది. హాలంతా కాగితాల చప్పుడు. ఉన్నట్టుండి ఆ చప్పుడు వినపడడం మానేసింది. వేడి నూనె వాసన వచ్చింది. ఫ్యాను తిరుగుతోంది, పిల్లలు రాస్తున్నారు, చప్పుడు మాత్రం లేదు.

ఇందుమతి పెన్ను కిందికి జారడం మొదలెట్టింది.

సత్యవేణి దబ్బున లేచింది. కాపలా ఉన్న మాస్టారు, "కూర్చో అమ్మా. కదిలితే పేపరు తీసేసుకుంటాను" అన్నారు. ఆ పిల్ల కూర్చోలేదు. బల్ల మీంచి వంగి, ఇందుమతి తల ఇనప అంచుకి కొట్టుకోకుండా రెండు చేతులతో పట్టుకుంది.

పట్టుకున్నాక తెలిసింది చిన్నీ. తన చేతుల కింద ఇంకో రెండు చేతులున్నాయి. అప్పటికే ఆ తలని పట్టుకుని ఉన్నాయి. మంచులాంటి చేతులు, ఎముకలు తగిలే వేళ్ళు. చూపుడువేలి మీద సిరా మరక. ఆ చేతుల వెనక మనిషి లేదు. సత్యవేణి భయంతో వదిలెయ్యబోయింది. వదల్లేదు. నాలుగు చేతులూ కలిసి ఇందుమతిని మెల్లగా బల్ల మీద పడుకోబెట్టాయి. ఆ తర్వాత రెండే మిగిలాయి.

"నిద్రపోయిందా ఏం?" అన్నారు మాస్టారు.

"నిద్ర కాదండీ" అంది సత్యవేణి. "ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఇప్పుడే."

దాని గొంతు ఎలా ఉందో మరి, ఆయన పరుగున వచ్చారు. తనే ఒక పక్క పట్టుకుని ఆటో దాకా మోశారు. ఆసుపత్రిలో సూదిమందు ఇచ్చి, చేతికి సెలైన్ పెట్టారు. "గంట ఆగి తెస్తే నేను చేసేదేమీ ఉండేది కాదు" అన్నాడు డాక్టరు.

సత్యవేణి జవాబు పత్రం తెల్లగానే ఉండిపోయింది. ఆ పరీక్ష ఇద్దరిదీ పోయింది. ఇందుమతి వాళ్ళ నాన్న వచ్చి, మంచం పక్కన కూర్చుని, చారన్నం కలిపి ముద్దలు చేసి నోట్లో పెట్టాడు. చదువు మాట ఎత్తలేదు. కళ్ళు మాత్రం కండువాతో తుడుచుకుంటూనే ఉన్నాడు.

నాలుగో రోజుకి ఇందుమతి లేచి నడిచింది. "ఆ మామ్మ దగ్గరికి తీసుకెళ్ళు" అంది. పొద్దు వాలుతుండగా ఇద్దరూ మిల్లు వెనక సందులోకి వెళ్ళారు.

గున్నమ్మ పొయ్యి వెలిగించలేదు. ఒళ్ళో ఒక్కటే కాగితం పెట్టుకుని కూర్చుంది.

"ఆవేళ నువ్వెళ్ళిన దగ్గర్నుంచీ కట్ట తరగడం మొదలెట్టింది" అంది. "ఇదే ఆఖరుది. దీంతో పొట్లం కట్టడానికి చెయ్యి రాలేదు. చదువు తల్లీ. ఈసారి నిజం చెప్పు."

సత్యవేణి తీసుకుంది. తన రాత కాదు, ఇందుమతి రాతా కాదు. గుండ్రటి అక్షరాలు. జవాబూ కాదు. పైకి చదివింది.

"అమ్మా, ఈ ఒక్క పరీక్ష అయిపోనీ. వచ్చి తింటాను. వేడిగా ఉంచు."

గున్నమ్మ చెయ్యి చాపింది. అప్పుడు కాగితం అందుకుని, మడిచి, రవికెలో పెట్టుకుంది. లేచి పొయ్యి అంటించింది. అరటికాయ సన్నగా చీరింది, పిండిలో ముంచింది, మూకుట్లో వేసింది. ఒక వాయి తీసి ఇద్దరికీ పెట్టింది. ఇంకో పళ్ళెంలో నాలుగు వేసి, బల్లకి ఆ చివర పెట్టింది.

"పరీక్ష అయిపోయిందమ్మా" అంది ఎవరూ లేని వైపు చూసి. "రా, తిందువుగాని."

బల్ల ఆ చివర కిర్రుమంది. ఎవరో వచ్చి కూర్చున్నట్టు ఇటు పక్క కొంచెం పైకి లేచింది. ఇందుమతి సత్యవేణి చెయ్యి గట్టిగా పట్టుకుంది. గున్నమ్మ పొయ్యి వైపు తిరిగిపోయింది.

"ఊదుకుని తిను" అంది. "కాలుతుంది."

ఇందుమతి తన పళ్ళెంలోంచి ఒక బజ్జీ తీసుకుని, ఊది, కొరికింది. సత్యవేణీ తింది. ఆ చివర పళ్ళెం ఖాళీ అయ్యేదాకా ఇద్దరిలో ఎవరూ అటు తల తిప్పలేదు.

కథేమో బండెక్కి కంచికి చేరింది,
మన అడుగు మెల్లగా ఇంటికి చేరింది,
ఆకలి తీరింది, దీపం తగ్గింది,
కంటి మీద కునుకు వచ్చి వాలింది.