తల మీద పుట్టి, భుజం మీద పల్లకీ

మొగిలేటికి ఇవతల ఒక కోట, అవతల వెదుళ్లపాడు అనే పల్లె, మధ్యలో ఎవరి మాటా వినని నీళ్లు. ఆ రాజ్యం ఎప్పటిది, ఎక్కడిది అని అడిగితే నేను చెప్పలేను. దాన్ని ఉద్దండవర్మ అనే రాజు పాలించేవాడని మాత్రం చెప్పగలను.

రాజు చెడ్డవాడు కాడు. ప్రజలంటే ప్రేమ ఉన్నవాడే. కాకపోతే శాసనాలు రాయడమంటే ఆయనకు ప్రజల కన్నా ఒక పిసరు ఎక్కువ ప్రేమ. పొద్దున లేస్తూనే ఒక శాసనం రాసేవాడు, భోజనం అయ్యాక దానికో సవరణ రాసేవాడు. చదివి వినిపిస్తే కొలువంతా ఆహా అనేది. అర్థమైన వాళ్లూ అనేవారు, అర్థం కాని వాళ్లూ అనేవారు. అర్థం కాని వాళ్లే కాస్త గట్టిగా అనేవారు.

ఆ కొలువులో కోనేటయ్య అని ఒక ఉద్యోగి ఉండేవాడు. జనం చెప్పుకునే విన్నపాలు విని, వాటిని రాజు చెవిన వేయడం ఆయన పని. మాటకారి, నలుగురినీ నవ్వించగలవాడు. అయితే ఆయనకు ఒక జబ్బు ఉంది. అర్థం కానిదానికి తల ఊపడం చేతకాదు. ఊపుదామని ఎంత ప్రయత్నించినా మెడ మొరాయించేది. ఈ జబ్బు వల్లే ఆయనకు ఇరవై ఏళ్లుగా పదోన్నతి లేదు.

ఆ ఏడు రాజు "జనవాహన పోషణ శాసనం" అని ఒకటి రాశాడు. ఊరి నుంచి ఊరికి జనాన్ని చేరవేసే బళ్లకూ, పడవలకూ ఖజానా సాయం అందాలని దాని సారాంశం. ఎద్దు ముసలిదైతే కొత్త ఎద్దు ఇస్తారు, చక్రం విరిగితే కొత్త చక్రం ఇస్తారు. మంచి మాటే. అంతవరకు రాసి ఊరుకుంటే ఈ కథే లేదు.

కానీ కిందటేడు ఒక ఘనుడు విరిగిపోయిన బండిని నలుగురి చేత భుజాల మీద మోయించి, బండి నడుస్తూనే ఉందని దబాయించి, ఖజానా సొమ్ము పట్టుకుపోయాడు. ఆ మంట రాజు కడుపులో ఇంకా చల్లారలేదు. అందుకని శాసనంలో ఒక నియమం చేర్చాడు. మనుషులను మోసేది వాహనం, దానికి సాయం చేయాలి. మనుషులు మోసేది వాహనం కాదు, బరువు. ఆ బరువు సుంకపు చావడి దాటితే సుంకం కట్టాలి.

కొలువంతా ఆహా అంది. కోనేటయ్య మెడ మాత్రం కదల్లేదు. ఎందుకు కదల్లేదో ఆ క్షణాన ఆయనకూ తెలియదు.

నెల తిరక్కముందే తెలిసింది. రేవులో పుట్టి నడిపే ఓబన్న వచ్చి కోనేటయ్య వాకిట్లో కూలబడ్డాడు. వెదురు బద్దలతో బుట్టలా అల్లి, అడుగున బర్రెతోలు బిగించిన గుండ్రటి పడవే పుట్టి. వెదుళ్లపాడు జనం ఉప్పు కొనాలన్నా, కూరగాయలు అమ్ముకోవాలన్నా, కాన్పు కష్టమైతే మంత్రసానిని పిలుచుకోవాలన్నా అదే దిక్కు.

"సామీ, నా పుట్టి వాహనమా, బరువా?" అని అడిగాడు ఓబన్న.

"అదేం ప్రశ్న? జనాన్ని మోస్తుంది కాబట్టి వాహనమే."

"నేనూ అట్లే అనుకొని కొత్త తోలు కోసం ఖజానాకు పోయినా. సగం పొద్దు వాహనం, సగం పొద్దు బరువు, ఇట్లా సగం సగం దానికి శాసనంలో చోటు లేదని పంపించినారు."

కోనేటయ్యకు సంగతి అర్థం కాలేదు. ఓబన్న ఓపిగ్గా చెప్పాడు. ఎగువ రేవులో జనాన్ని ఎక్కించుకుంటే, పుట్టి నేరుగా ఆ ఒడ్డుకు పోదు. ఏటి వాలు లాగుతుంది, గిరగిరా తిరుగుతుంది, ఎక్కడో దిగువన ఒడ్డు తగులుతుంది. అక్కడ దాన్ని తలకెత్తుకొని ఎగువకు నడవాలి. మళ్లీ జనాన్ని ఎక్కించుకొని వస్తే ఇవతల కూడా దిగువ రేవులోనే తేలుతుంది. మళ్లీ తలకెత్తుకొని ఎగువ రేవుకు నడవాలి. ఆ దారిలోనే సుంకపు చావడి ఉంది.

"నీళ్లలో అది నన్ను మోస్తాది, ఒడ్డున నేను దాన్ని మోస్తా. మా తాతల కాలం నుంచి మాకూ దానికీ ఇదే ఒప్పందం. ఇప్పుడేమో చావడి దాటినప్పుడల్లా బరువని సుంకం గుంజుతున్నారు. పాత తోలు కుళ్లిపోయింది సామీ. నిన్న ఎక్కిన ఆడోళ్లు ఏరు దాటేదాకా చెంబులతో నీళ్లు తోడుతా కూర్చున్నారు. మిరుగు కార్తె వస్తే ఏరు పొంగుతాది. కొత్త తోలు లేకుండా నేను జనాన్ని ఎక్కించుకోను. మునిగితే ఆ పాపం ఎవరిది?"

పుట్టి ఆగితే వానాకాలమంతా వెదుళ్లపాడు ఒంటరిదైపోతుంది. కోనేటయ్య కండువా భుజాన వేసుకున్నాడు. అప్పటికప్పుడే కోటకు వెళ్లాడు.

రాజు అప్పుడే ఒక సవరణ పూర్తి చేసి సంతోషంగా ఉన్నాడు. విన్నపమంతా విని మందహాసం చేశాడు.

"కోనేటయ్యా, నీకు శాసనం అర్థం కాలేదు."

"కాలేదు ప్రభూ. అందుకే వచ్చాను."

"చాలా తేలిక. పుట్టి నీళ్లలో ఉన్నంతసేపు వాహనం. అప్పుడు సాయం అడగవచ్చు."

"నీళ్లలో ఉండగా తోలు ఎలా మారుస్తాడు ప్రభూ?"

"ఒడ్డుకు తెచ్చి మార్చాలి."

"ఒడ్డుకు తేవాలంటే మోయాలి. మోస్తే బరువైపోతుంది కదా?"

"అవుతుంది. బరువుకు సాయం లేదు. అది స్పష్టంగా రాశాను."

"అయితే తోలు ఎప్పుడు మార్చాలి?"

"వాహనంగా ఉన్నప్పుడు," అన్నాడు రాజు, పసివాడికి ఓనమాలు దిద్దించినంత శాంతంగా.

కోనేటయ్యకు తల గిర్రున తిరిగింది. పుట్టి ఎక్కకుండానే ఇంత తిరిగితే ఎక్కినవాడి గతేమిటో అనుకున్నాడు.

"మరి ఓబన్న ఒక్కడికి మినహాయింపు ఇస్తే..."

"మినహాయింపా? ఈ శాసనానికి మినహాయింపు లేదు. రాసిన నాకైనా సరే లేదు. చివరి వాక్యం అదే, విన్నావో లేదో. రేపే దాన్ని రాతి మీద చెక్కించి సుంకపు చావడి అవతల నిలబెడుతున్నాం. నేనే స్వయంగా వస్తున్నాను."

"పల్లకీలోనా ప్రభూ?"

"కాక నడిచి వస్తానా?"

కోనేటయ్య నమస్కారం చేసి బయటపడ్డాడు. దారిలో చావడి దగ్గర ఆగాడు. అక్కడ సుంకరి గుర్రప్ప కూర్చుని ఉన్నాడు. పాపం, భయస్తుడు. శాసనంలో ఉన్నది ఉన్నట్టు చేయకపోతే కొలువు ఊడుతుందని, చేస్తే జనం తిడతారని, అడకత్తెరలో పోకచెక్కలా బతుకుతున్నాడు.

"గుర్రప్పా, మనుషులు మోసుకొచ్చేది ఏదైనా బరువే కదా?"

"బరువేనండి."

"దాని లోపల ఏదైనా ఉంటే?"

"అది సరుకు. ఏం సరుకో అడిగి, తూకం వేసి, సుంకం రాసుకోవాలి."

"రేపు ఒక బరువు వస్తుంది. నువ్వేమీ చెయ్యొద్దు. నేను అడిగినదానికి శాసనంలో ఏముందో అది చెప్పు, చాలు."

గుర్రప్ప సరేనన్నాడు. ఆ బరువేమిటో తెలిసి ఉంటే ఆ రోజే జ్వరం తెచ్చుకుని పడుకునేవాడు.

మర్నాడు మేళతాళాలతో రాజు బయలుదేరాడు. బోయీలు పల్లకీ ఎత్తుకుని చావడి దాకా వచ్చారు. కోనేటయ్య అడ్డకర్ర దించి, దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మేళం ఆగింది.

"ఎవరు ఆపారు?" అని రాజు తెర తొలగించి చూశాడు.

"నేనే ప్రభూ. ఒక సందేహం వచ్చింది. తీరకపోతే అడుగు పడేలా లేదు. ఈ పల్లకీ తమను మోస్తోందా, బోయీలు పల్లకీని మోస్తున్నారా?"

"రెండూనూ," అన్నాడు రాజు. అన్న మరుక్షణమే, అనకుండా ఉంటే బాగుండునని ఆయనకు అనిపించింది.

"ఓబన్న పుట్టి నయం ప్రభూ. అది ఒకసారి వాహనం, ఒకసారి బరువు. ఇది ఒకేసారి రెండూ. నా బుర్రకు అందడం లేదు. గుర్రప్పా, మనుషులు మోసుకొచ్చేదాన్ని శాసనంలో ఏమన్నారు?"

గుర్రప్ప చేతులు జోడించాడు. "బ... బరువన్నారండి."

"లోపల ఉన్నది?"

"సరుకండి."

చూడవచ్చిన జనం దగ్గరకు జరిగారు. గుర్రప్ప మాత్రం భయంలో అలవాటైన పనిని పట్టుకు వేలాడాడు. కళ్లు గట్టిగా మూసుకుని, రోజూ అందరినీ అడిగే ప్రశ్నే అడిగేశాడు. "పచ్చి సరుకా, ఎండు సరుకా?"

రాజు మొహం ఎర్రబడింది. సుంకరి మీద విరుచుకుపడదామంటే, వాడు ఒప్పజెప్పినది తన శాసనమే. మినహాయింపు ఉందందామంటే, లేదని తానే రాతి మీద చెక్కించాడు. ఆ రాయి ఎదురుగా కనబడుతూనే ఉంది.

"సరే, నేను దిగి నడుస్తాను," అన్నాడు పౌరుషంగా. దిగి అడ్డకర్ర కింద నుంచి వంగి అవతలికి వెళ్లాడు. "ఇప్పుడు నేను సరుకు కాను కదా?"

"కారు ప్రభూ. కానీ పల్లకీ మళ్లీ బోయీల భుజాల మీదికే ఎక్కింది. ఖాళీ బరువుకు కూడా సుంకం ఉంది. ఓబన్న కట్టేది దానికే." కోనేటయ్య తల గోక్కున్నాడు. "ఇంకో సందేహం ప్రభూ. తమరు తోటకు వెళ్లి అక్కడే ఉండిపోయిన రోజున బోయీలు ఖాళీ పల్లకీని కోటకు మోసుకొస్తారు. ఆ ఖాళీ మోతకు కూడా జీతం ఇస్తారా?"

"ఇవ్వక?" అన్నాడు రాజు విసుగ్గా. "ఆ ఖాళీ పల్లకీ వెనక్కి తేకపోతే మర్నాడు నన్ను తీసుకురావడానికి ఏం పట్టుకెళ్తారు? ఖాళీగా తేవడం కూడా మోతలో భాగమే. ఇంత చిన్న సంగతి..."

ఆయన చూపు దారి మీదికి పోయింది.

దిగువ రేవు నుంచి ఓబన్న పుట్టిని తలకెత్తుకుని అటే వస్తున్నాడు. పుట్టి కింద మనిషి నడుములదాకా కనబడడం లేదు. కారుతున్న నీళ్లకు భుజాలు తడిసి ఉన్నాయి. రాజు ఆ పుట్టిని చూశాడు, పల్లకీని చూశాడు, మళ్లీ పుట్టిని చూశాడు.

"ఈ మాట ఓబన్న చెబితే నాకు అర్థం కాలేదు ప్రభూ," అన్నాడు కోనేటయ్య నెమ్మదిగా. "తమరు చెబితే ఇప్పుడు అర్థమైంది."

రాజుకు ముందు కోపం వచ్చింది. తర్వాత సిగ్గు వచ్చింది. ఆ రెండూ ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటూ ఉండగా గుర్రప్ప వంక చూశాడు. గుర్రప్ప ఇంకా కళ్లు మూసుకునే, జవాబు కోసం చెవి ఒగ్గి ఉన్నాడు. రాజుకు నవ్వు తన్నుకొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఎండు సరుకే రాసుకోరా. ఇన్నాళ్లూ నా తలలో తడి లేదు," అన్నాడు.

అక్కడికక్కడే ఓబన్నకు కొత్త తోలు ఇప్పించమని ఆజ్ఞ వేశాడు. కట్టిన సుంకం తిరిగి ఇచ్చేయమన్నాడు. కోనేటయ్య భుజం తట్టి, "ఈ పల్లకీ నీకు బహుమానం, ఎక్కి ఇంటికి వెళ్లు," అన్నాడు.

"నేను నడిచే వెళ్తాను ప్రభూ. ఆ రాయి అక్కడ ఉన్నంతసేపు పల్లకీకి సుంకం కట్టుకోలేను."

రాజు మళ్లీ నవ్వి, ఆ నియమాన్ని చెరిపేయడానికి ఉలి పట్టుకు రమ్మని శిల్పికి కబురు పంపాడు. పల్లకీకి బదులు ఏం కావాలో కోరుకోమన్నాడు.

"ఏటి పొడుగునా పుట్టి రేవులు చాలా ఉన్నాయి ప్రభూ. అన్ని పుట్టీలకూ తోళ్లు ఇప్పించండి."

రాజు అవీ ఇప్పించాడు, పల్లకీ కూడా ఇచ్చాడు, తన భుజం మీది శాలువా తీసి కోనేటయ్యకు కప్పాడు. కొలువంతా ఆహా అంది. ఈసారి ఎందుకు అంటున్నారో వాళ్లకు తెలుసో లేదో నేను చెప్పలేను.

కొత్త తోలు బిగించిన రోజున, మొదటి మోతకు తానూ వస్తానన్నాడు రాజు. కోనేటయ్యను వెంటబెట్టుకుని, కూరగాయల గంపల మధ్య సర్దుకుని కూర్చున్నాడు. ఓబన్న తెడ్డు వేశాడు. నడి ఏటికి వచ్చేసరికి పుట్టి తన ధోరణిలో తిరగడం మొదలుపెట్టింది. ఎదురుగా ఉన్న వెదుళ్లపాడు వెనక్కి పోయింది, వెనకాల ఉండాల్సిన కోట ఎదురొచ్చింది, మళ్లీ రెండూ తారుమారయ్యాయి.

రాజు గంప అంచు గట్టిగా పట్టుకున్నాడు. "కోనేటయ్యా, మనం ఇప్పుడు వెళ్తున్నామా, వస్తున్నామా?"

"నాకు తెలియడం లేదు ప్రభూ. ఓబన్నకు తెలుసు."

ఆ జవాబుకు రాజు పగలబడి నవ్వాడు. పుట్టి ఒక పక్కకు ఒరిగింది.

"కదలొద్దు సామీ, మునుగుతాం," అన్నాడు ఓబన్న.

రాజు కదలకుండా కూర్చున్నాడు. ఆయన పాలనలో చెప్పగానే అందరికీ అర్థమైన శాసనం అదొక్కటే.