మడమకు వచ్చిన మార్కులు

పరీక్ష చేయాల్సిన చోట చేయలేదు. స్వరాజ్యంగారి విషయంలో జరిగిన తప్పు అదే. బందరులో ఎవరో ఉచిత శిబిరం పెట్టారు. ఆవిడ మడమను ఒక చిన్న యంత్రంలో ఉంచి చూసి, ఎముకలు భేషుగ్గా ఉన్నాయని పొగిడి పంపించారు. నలభై ఏళ్లుగా కూచిపూడి నేర్పుతున్న మనిషి. నేలను తన్ని తన్ని గట్టిపడ్డ మడమ అది. భేషుగ్గా కాక ఇంకెలా ఉంటుంది?

చిన్నప్పుడు ఆవిడ దగ్గరే నాట్యం నేర్చుకున్న డాక్టర్ సుహాసిని మాత్రం ఒప్పుకోలేదు. ఆమెకు అనుమానం వచ్చింది దుస్తులు చూసి. నాట్యపాఠశాల వార్షికోత్సవంలో ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి తరంగం ఆడాలని స్వరాజ్యంగారు తన పాత పట్టు దుస్తులు బయటికి తీశారు. ఒకప్పుడు చీలమండకు పైన ఆగిన కుచ్చిళ్లు ఇప్పుడు గజ్జెల మీద జీరాడుతున్నాయి. మడిచి కుడితే సరిపోతుందన్నాడు దర్జీ.

"బట్ట పెరగదు కదా టీచరుగారూ, మీరే ఎత్తు తగ్గారు," అంది సుహాసిని. "వెన్నుకీ తుంటికీ డెక్సా స్కాన్ తీయించండి. పళ్లెం సంగతి తర్వాత."

ఈ మాట ఉజ్వలకు నచ్చలేదు. ఆవిడ శిష్యుల్లో అందరికంటే వేగంగా అడుగు వేసేది ఉజ్వల. గురువును ఒక్క మాటంటే ఊరుకోదు. ఆ తరంగం చూడాలని అందరికంటే ఎక్కువ ఆశపడ్డదీ తనే.

"మీ అడుగు పడితే కింద వాటా వాళ్లు ఫ్యాను ఊడుతుందని గోల పెడతారు. మీకెందుకు టీచరుగారూ ఈ పరీక్షలు?" అని నిలదీసింది.

ప్రశ్నకు మాటతో జవాబు చెప్పే అలవాటు స్వరాజ్యంగారికి లేదు. దానివల్ల ఆవిడ శిష్యులం మాకందరికీ ఎంత విసుగో ఆవిడకు తెలుసు, అయినా మారలేదు. తాళం వేసే కర్ర అందుకుని, "జతి చెయ్యవే," అన్నారు. ఉజ్వల చేసింది. ఎక్కడా తాళం తప్పలేదు.

"ఇప్పుడు కూర్చో. కాళ్లు కదపకూడదు. మన్ను తిన్న కొడుకును కోప్పడబోయి, వాడి మొహం చూసి నవ్వొచ్చిన యశోదను చూపించు."

ఉజ్వల కనుబొమలు ముడిచింది, విప్పింది. కోపం వచ్చింది గానీ నవ్వు రాలేదు. మడిచి పెట్టుకున్న కాలి వేళ్లు మాత్రం తాళం వేస్తూనే ఉన్నాయి.

"యశోదలా లేవే. పాలల్లో నీళ్లు కలిపాడని పాలవాడితో పోట్లాడుతున్నట్టున్నావు," అన్నారు స్వరాజ్యంగారు. అప్పుడు నవ్వింది ఉజ్వల.

"కాళ్లొక్కటే చూసి మార్కులేస్తే నీకెన్నొస్తాయి?"

"నూటికి నూరు."

"నాకూ అలాగే వేశారు. పద, ఆటో పిలు."

స్కాన్‌లో సూదీ లేదు, నొప్పీ లేదు. బల్ల మీద పడుకుంటే యంత్రపు చెయ్యి నెమ్మదిగా పైనుంచి సాగిపోతుంది. మన ఎముక సాంద్రతను ఆరోగ్యంగా ఉన్న పడుచువాళ్ల ఎముకతో పోల్చి ఒక అంకెలో చెబుతారు. మైనస్ రెండున్నరకు గానీ ఆ కిందికి గానీ దిగితే ఎముక గుల్లబారిందని లెక్క. ఆవిడ వెన్ను మైనస్ మూడు కూడా దాటిపోయింది. ఎక్స్‌రే తీస్తే, ఒక వెన్నుపూస చడీచప్పుడు లేకుండా ఎప్పుడో నొక్కుకుపోయి ఉంది.

"మందులు వాడండి. నడుస్తారు, పాఠం చెబుతారు. పళ్లెం మీంచి పడ్డారంటే మటుకు ఆ రెండూ ఉంటాయని నేను చెప్పలేను," అంది సుహాసిని.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఉజ్వల ఏడుస్తూనే ఉంది. స్వరాజ్యంగారు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని రోడ్డు చూస్తూ కూర్చున్నారు.

వార్షికోత్సవం నాడు తెర తీసేసరికి వేదిక మీద పళ్లెం లేదు. స్వరాజ్యంగారు ఎత్తుపీట మీద కూర్చుని ఒక పదం అభినయించారు. ముందు వరసలోంచి "తరంగం! తరంగం!" అని కేకలు వేశారు. ఆవిడ నమస్కారం పెట్టారే గానీ పీట మీంచి లేవలేదు. ఆనాటి నుంచి ఈనాటి దాకా మళ్లీ పళ్లెం ఎక్కలేదు. ఎంత పెద్దవాళ్లు అడిగినా ఎక్కలేదు.

ఆ సాయంత్రం గజ్జెలు విప్పుతున్న ఆవిడ పక్కన ఉజ్వల చతికిలబడింది.

"బాధగా లేదా టీచరుగారూ?"

"కూర్చుని ఆడటం నాకింకా సరిగా పట్టుబడలేదు," అన్నారు స్వరాజ్యంగారు. "రేపు పెందలాడే రా. ఇద్దరం నేర్చుకుందాం."