పుల్ల లేని తారాజువ్వ

అనగనగా ఒక సంస్థానంలో జువ్వలు కట్టే పైడయ్యకి సగం మీసమే ఉండేది. "మిగతా సగం నా తెలివే తినేసింది" అని తనే చెప్పి నవ్వించేవాడు.

కోట ఉత్సవానికి తారాజువ్వలు పురమాయించిన దివాన్‌గారు ఖర్చు తగ్గించమని పట్టుబట్టారు.

"ఈ వెదురుపుల్ల మండదు, వెలగదు, ఊరికే తోకలా వేలాడుతుంది. తీసెయ్!"

కాదంటే పని పోతుంది, సరేనంటే ఉన్న మీసమూ పోతుంది. పైడయ్య పుల్ల తీసేసిన జువ్వనీ, వెలిగించిన అగరొత్తినీ వినయంగా దివాన్‌గారి చేతికిచ్చాడు.

"తమరే ముట్టించండి బాబూ. ఈ పొదుపు నేనూ చేసి చూశాను. పుల్ల లేకపోతే జువ్వ పైకెళ్ళదు, ముట్టించినవాడి మొహం మీదికే వస్తుంది. నాకు సగమే మిగిలింది. తమరికి నిండుగా ఉంది."

దివాన్‌గారు మీసం తడుముకున్నారు.

"రెండేసి పుల్లలు కట్టరా!"