మెలికయ్యకు కట్టిన ఇల్లు

అనగనగా అంటే ఎప్పటిదో అనుకుంటారు. మరీ అంత పాతది కాదు పిల్లలూ. కొండకు అవతల, వాగు రెండుగా చీలే చోట ఒక అడవి ఉండేది. రేలపూలు రాలే రోజుల్లో ఆ వాగులో నీళ్లు కనిపించేవి కావు. పసుపు ఆరబోసినట్టు ఉండేది.

ఆ అడవిలో సింగారవ్వ అనే కొండముచ్చు ఉండేది. ఆమె పుట్టింది మాత్రం అక్కడ కాదు. కొండ నెత్తిన, ఒక నల్లమద్ది చెట్టు మీద. ఆ చెట్టు చివర మూడు కొమ్మలు కలిసే పంగలో వాళ్లమ్మ ఆమెను ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. అక్కణ్ణుంచి చూస్తే గుట్టలన్నీ కనిపించేవి. గాలి ఆగేది కాదు. ఆకాశం చేతికి అందేటట్టు ఉండేది.

తల్లి పోయిన తరువాతి సంవత్సరం పెద్ద గాలివాన వచ్చింది. ఆ చెట్టు వేళ్లతో సహా కూలిపోయింది. సింగారవ్వ కిందికి దిగి, వాగు ఒడ్డున ఇంకో నల్లమద్ది మీదికి వచ్చి చేరింది. ఎవరు పలకరించినా "మా చెట్టు మీదైతేనా..." అని అందుకునేది. వినేవాళ్లు పని ఉందని మెల్లగా జారుకునేవారు.

ఒక వానాకాలం వాగు పొంగింది. కొట్టుకొచ్చిన కట్టెల మధ్య, మూరెడు పొడవున ఏదో మెలికలు తిరుగుతోంది. కొండచిలువ పిల్ల. సింగారవ్వ తోకతో కొమ్మను పట్టుకుని వంగి, దాన్ని పైకి లాగింది.

"ఎవరి పిల్లవిరా నువ్వు?"

"తెలియదు అవ్వా. మా పుట్ట నీళ్లలో మునిగిపోయింది."

"ఇల్లు పోయిందన్నమాట. నాకూ పోయిందిలే. ఇక నా దగ్గరే ఉండు."

వాడికి మెలికయ్య అని పేరు పెట్టింది. ఆరోజే వాడికి ఇల్లు కట్టడం మొదలుపెట్టింది. చెట్టు చివర మంచి పంగ చూసింది. పిల్లాడు పడిపోకుండా చుట్టూ వెదురు బద్దలతో దడి అల్లింది. కొమ్మల మీద తిరిగే ఎలుకలు వాడికి తిండి. వాడు తినేటప్పుడు అవ్వ అటు తిరిగి కూర్చునేది.

వానలు వెనకబడ్డాయి. నెమళ్లు ఈకలు రాల్చాయి. అవ్వ వాటిని ఏరుకొచ్చి దడి చుట్టూ గుచ్చింది.

"మా అమ్మ ఇలాగే గుచ్చేదిరా. బాగుందా?"

"బాగుంది అవ్వా," అన్నాడు మెలికయ్య. వాడు దడి మూలకు ఒదిగి, తలను తన చుట్టల్లోకి దూర్చుకున్నాడు. సిగ్గుపడుతున్నాడనుకుంది అవ్వ.

చలికాలం వచ్చింది. గురిగింజలు ఎర్రగా పండాయి. అవ్వ వాటిని నారకు గుచ్చి వాడి నెత్తిమీద దండలుగా వేలాడదీసింది. తెల్లవారగానే ఎండ పడాలని తూర్పు వైపు దడిని తీసేసింది.

"గాలి ఎలా వస్తోందో చూడు. మా చెట్టు మీద అచ్చం ఇంతే. బాగుందా?"

"బాగుంది అవ్వా."

ఆ నెల వాడు కుబుసం విడిచాడు. నిండుగా ఊడిరావలసిన కుబుసం ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఎలుక వచ్చి ముందు నుంచే పోయినా వాడు కదలలేదు. చలి కదా అనుకుంది అవ్వ.

ఎండాకాలం వచ్చింది. అవ్వ రేలపూల గుత్తులు తెచ్చి పంగ నిండా కట్టింది. గుట్టలు కనపడాలని చుట్టూ ఉన్న ఆకుల్ని దూసేసింది. అడవిలో వాళ్లంతా వచ్చి కింద నిలబడి చూశారు. పెళ్లిపందిరిలా ఉందన్నారు. అవ్వ పొంగిపోయింది.

"చూశావా, అందరూ నీ ఇల్లే చూస్తున్నారు. బాగుందా?"

మెలికయ్య పలకలేదు. వాడి కళ్లు పాలు పోసినట్టు తెల్లబడ్డాయి. ఎండిన పాత చర్మం ఒంటికి అంటుకుపోయింది. కళ్ల మీది పొర కూడా ఊడలేదు. ఎదురుగా అవ్వ ఉన్నా వాడు వేరే వైపు తల తిప్పి వెతుకుతున్నాడు. ఇరవై రోజులుగా ఏమీ తినలేదు.

చెట్టు కింద గంగులు అనే ముళ్లపంది రాలిన కాయలు ఏరుకుంటోంది. అది తల ఎత్తి చూసింది.

"అవ్వా, ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఈ ఇల్లు వాడికి కట్టావా, నీకు కట్టుకున్నావా?"

"నేల తవ్వుకుని బతికేవాడివి, ఇంటి అందం నీకేం తెలుసురా?"

"అందం తెలియదు. కొండచిలువలు తెలుసు. ప్రతి చలికాలం రెండు వచ్చి మా బొరియలోనే తలదాచుకుంటాయి. వీపు ముళ్లు గుచ్చుకుంటాయని నేనే వాటి వైపు మొహం తిప్పి పడుకుంటాను."

"అయితే?"

"అయితే ఏముంది. గాలి తగిలితే నీకు ప్రాణం లేచొస్తుంది. మట్టి తగిలితే వాడికి. చుట్టూ ఒళ్లు ఆనే ఇరుకు చోటు కావాలి. చీకటి కావాలి. ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంచితే ఆ కళ్లు పోతాయి. ఆ తరువాత వాడూ ఉండడు."

సింగారవ్వ జరిగి మెలికయ్య పక్కన కూర్చుంది. ఇన్ని నెలల్లో బాగుందా అని అడిగింది గానీ, ఇంకేమీ అడగలేదని ఆమెకు అప్పుడు తట్టింది.

"ఒరే, మీ పుట్ట ఎలా ఉండేదిరా?"

మెలికయ్య గొంతు వచ్చిన వైపు తల తిప్పాడు. తరువాత మెల్లగా చెప్పాడు.

"చీకటిగా ఉండేది అవ్వా. తడిమట్టి వాసన. మేమింకా గుడ్లలో ఉన్నప్పుడే మా అమ్మ మా చుట్టూ చుట్టుకుని ఉండేది. మాకు వెచ్చగా ఉండాలని ఒళ్లు వణికించేది. పెంకు లోపలికి ఆ వణుకు తెలిసేది. అమ్మ మొహం నేను సరిగ్గా చూడలేదు. నాలుగు వైపులా ఒత్తుకుని ఉండడమే గుర్తు."

అవ్వ ఒకసారి ఆకాశం వైపు చూసింది. తన తల్లి అంటే ఆమెకు ఆకాశం, గాలి. వీడి తల్లి అంటే చీకటి, ఇరుకు.

"మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదురా?"

"నువ్వు మీ అమ్మను తలుచుకుంటూ కడుతున్నావు. ఎలా చెప్పను?"

అవ్వ ఆ పంగను ఒకసారి చుట్టూ చూసింది. ఎన్నో ఏళ్ల తరువాత పుట్టిన చోటికి తిరిగి వచ్చినట్టు ఉండేది ఆమెకు అక్కడ. దాన్ని విప్పేస్తే ఆ చోటు రెండోసారి పోయినట్టే. ఒక రేలగుత్తిని విప్పింది. చెయ్యి ఆగింది. పక్కన మెలికయ్య ఏమీ కనపడక తలను దడికి కొట్టుకున్నాడు. ఆ చప్పుడు విని అవ్వ మళ్లీ ఆగలేదు. గుత్తులు, దండలు, ఈకలు అన్నీ లాగి కిందికి వదిలేసింది.

నేల అంటే కొండముచ్చులకు భయం. చిరుతలు తిరిగే చోటు. అయినా మెలికయ్యను మెడకు చుట్టుకుని దిగింది. గంగులు అప్పటికే చెట్టు మొదట్లో, వాగు పొంగినా నీళ్లు అందని మెరక మీద ఉన్న పాత పుట్టను తవ్వుతోంది.

"ఎంత వెడల్పు కావాలి?" అంది అవ్వ.

"వాణ్ణే అడుగు."

మెలికయ్య దూరి చూశాడు. "ఇంకా ఇరుకైతే బాగుంటుంది," అన్నాడు. గంగులు మట్టి వెనక్కి నెట్టింది. ఎండ పడే వైపు ఒక చదును బండ పెట్టారు, చలేస్తే వెచ్చబడడానికి. రెండో వైపు నీడలో ఎండుటాకులు పోశారు, వేడెక్కితే చల్లబడడానికి. గుంట తవ్వి, బంకమట్టి మెత్తి, వాగు నీళ్లు నింపారు. ఒళ్లు నానబెట్టుకోవడానికి అది. దాని పక్కన గరుకైన నల్లమద్ది బెరడు ఒకటి ఆనించారు. ఒళ్లు రాసుకుంటే పాత చర్మం ఊడుతుంది.

అంతా అయ్యాక అవ్వ గురిగింజల దండ చేతిలోకి తీసుకుంది.

"ఇది గుమ్మం దగ్గర..."

"విషపు గింజలు," అంది గంగులు.

"పోనీ, ఒక్క నెమలీక."

"లోపల చీకట్లో వాడు చూస్తాడా?"

"చూడడులే," అని అవ్వ రెండింటినీ వాగులో పడేసింది.

మెలికయ్య ఒక రోజంతా నీళ్లలో పడుకున్నాడు. తరువాత పుట్టలోకి వెళ్లాడు. రెండో రోజు రాలేదు. మూడో రోజు రాలేదు. అవ్వ చెట్టు అడుగుకొమ్మ మీదే కూర్చుంది. తిండి సంగతి మరిచిపోయింది.

నాలుగో రోజు ఎండ బండ మీద పడే వేళకు బెరడు దగ్గర గరగరమని చప్పుడైంది. తల నుంచి తోక దాకా ఒక్క చిరుగు లేకుండా కుబుసం పడి ఉంది. మెలికయ్య బండ మీదికి వచ్చాడు. ఒంటి మీది మచ్చలు తడి రంగు వేసినట్టు మెరుస్తున్నాయి. కళ్లు తేటగా ఉన్నాయి. వాడు తల ఎత్తి అవ్వను తేరిపార చూశాడు.

"అవ్వా, నీ మొహం ఇంత నల్లగా ఉంటుందా?"

గంగులు ముళ్లు గలగలలాడేలా నవ్వింది. "వాడికి కళ్లు బాగానే వచ్చాయి అవ్వా."

"మాటలు కూడా వచ్చాయి," అంది అవ్వ, మొహం తుడుచుకుంటూ. "ఒరే, ఇల్లు..."

బాగుందా అని అడగబోయి ఆగింది. "ఇంకేమైనా కావాలా?" అని అడిగింది.

"వద్దు అవ్వా. నిద్రొస్తోంది," అని మెలికయ్య మెల్లగా పుట్టలోకి జారిపోయాడు.

అవ్వ ఆ కన్నం వైపు వంగి చూసింది. చీకటి తప్ప ఏమీ కనిపించలేదు. వాడు కనిపించకుండా ఉన్నాడంటే సుఖంగా ఉన్నాడని ఆమెకు ఇప్పుడు తెలుసు. అందుకే పిలవలేదు. చిన్నప్పుడు తల్లి ఒళ్లో విన్న కూతలేవో కూనిరాగం తీస్తూ ఎండలో అలాగే కూర్చుంది.

నీతి: మనకు ఇష్టమైనవన్నీ తెచ్చి ఇవ్వడం ఒక్కటే ప్రేమ కాదు. ఎదుటివారికి ఏం కావాలో అడిగి, అది ఇవ్వడం ప్రేమ.