సుంకవ్వ గుండీ

అనగనగా అంటే నిన్నో మొన్నో కాదు. మీ తాతకు తాత పాలపళ్లతో చెరకు కొరికిన కాలం. నల్లరేగడి సీమలో ఒక ఊరు, ఆ ఊళ్లో బట్టలు కుట్టే సుంకవ్వ.

ఆమెకు పొలం లేదు, మొగుడు లేడు, బిడ్డల్లేరు. అమ్మ ఇచ్చిపోయిన రేకుపెట్టె ఒక్కటే ఉంది. దాని నిండా ముత్తవ్వల నాటి గుండీలు. ఇత్తడివి, కొమ్మువి, ముత్యపుచిప్పవి. సూది గుచ్చుకోకుండా వేలికి తొడిగే అంగుస్తానా ఒకటి. అమ్మ కన్నుమూసే ముందు ఒక్కటే కోరింది.

"గుండీ అడిగినోళ్లకు లేదనొద్దు బిడ్డా."

"అననులే అమ్మా," అని సుంకవ్వ అమ్మ చేతిలో చెయ్యేసింది.

ఇక చూడండి. ఎవరొచ్చినా పెట్టె ఊపేది. గలగలమనేది. గుండీ తీసేది, కుట్టేది, పంపేది. "ముసిల్దాని పెట్టెకు అడుగే లేదు!" అని ఊరు నవ్వుకునేది.

అడుగు లేకుండా ఎట్లుంటుంది? ఒకనాటికి పెట్టె ఖాళీ. అంగుస్తానా ఒక్కటే మిగిలింది. అమ్మకిచ్చిన మాట ఏం కావాలి?

ఆరోజే గొర్రెలకాపరి మద్దిలేటి వచ్చాడు. "అవ్వా, కొండెక్కాల. రొమ్ముకు చలి కొడతాంది. గుండీ ఉందా?"

"ఉండాది నాయనా." పెట్టె ఊపింది. అంగుస్తానా గలగలమంది. గోడవైపు తిరిగి తన రవిక గుండీ తెంపింది. కుట్టింది, పంపింది. గుండీ బదులు రవికకు తుమ్మముల్లు గుచ్చుకుంది.

పెళ్లికూతురు పరుగెత్తుకొచ్చింది. "అవ్వా, పీటల మీద కూర్చోబోతే గుండీ తెగిపాయ!"

"ఉండాది తల్లీ." పెట్టె గలగలమంది. రెండో గుండీ పోయింది. రెండో ముల్లు వచ్చింది.

పురిటి బిడ్డను ఎత్తుకుని తండ్రి వచ్చాడు. "తొలి అంగీ అవ్వా. గుండీ లేదు."

"ఉండాది, ఉండాది." మూడో గుండీ పోయింది. మూడో ముల్లు వచ్చింది. ఆ పసివాణ్ని ఎత్తుకుని రొమ్ముకు అదుముకుంది కూడా.

తొలకరికి సుంకవ్వ పోయింది. స్నానం చేయించడానికి ఆడవాళ్లు రవిక విప్పబోయారు.

"వదినా, గుండీలేవీ? ఇవి ముండ్లు!"

"మొనలు చూడక్కా. మూడూ లోపలికే తిప్పుకుంది. ఎత్తుకున్న బిడ్డలకు గుచ్చుకుంటాయని."

పెట్టె తెరిచారు. అంగుస్తానా ఒక్కటే దొర్లింది. ఊరు ఊరంతా ఏడ్చింది. మద్దిలేటి తన అంగీ పైగుండీ పటుక్కున తెంపాడు. "ఇది నీదే అవ్వా," అని పెట్టెలో వేశాడు. అతని వెనక పెళ్లికూతురు, ఆమె వెనక బిడ్డ తండ్రి, వాళ్ల వెనక ఊరంతా. పెట్టె నిండి మూత పడలేదు. దాన్ని ఆమె పక్కనే పెట్టి పూడ్చారు. మూడు ముండ్లనూ తలవైపు మట్టిలో గుచ్చారు.

ముల్లు మొలుస్తుందా అని నన్నడగొద్దు. మొలిచింది. మూడు ముండ్లూ మూడు తుమ్మచెట్లయ్యాయి. వానాకాలం వస్తే కొమ్మకొమ్మకూ గుండ్రంగా పసుపుపచ్చటి పూలు. పిల్లలు వాటిని అవ్వ గుండీలంటారు.

ఇప్పటికీ ఆ ఊళ్లో కొత్త అంగీకి పైన కాజా కుడతారు గానీ గుండీ కుట్టరు. పొరుగూరివాళ్లు ఊరుకోరు కదా, "పైగుండీ ఏదిరా?" అని ఎగతాళి చేస్తారు.

ముసలీ ముతకా, పిల్లా జెల్లా, అందరిదీ ఒకటే జవాబు.

"అవ్వ దగ్గరుండాది."