కోటలో కొవ్వు

చింతలమెట్ట రాజు తిమ్మభూపతికి దసరా ముందు పెద్ద కష్టం వచ్చిపడింది. శత్రువులు దండెత్తలేదు, కరువూ రాలేదు. ఊరేగింపులో కట్టుకోవాల్సిన జరీ దట్టీ నడుముకి అందలేదు.

"నా నడుం తగ్గించినవాడికి బంగారు కంకణం!" అని నిండుసభలో ప్రకటించాడు.

ఆస్థాన వైద్యుడు భూషణాచారి చటుక్కున లేచాడు. ఈయనగారి గొప్ప ఏం చెప్పమంటారు! సభలో అడుగుపెట్టే ముందు "వైద్యశిఖామణి వస్తున్నారహో" అని అరవడానికి ప్రత్యేకం ఒక మనిషిని పెట్టుకున్నాడు. ఆ అరుపు లేకపోతే ఆయన్ని ఎవరూ గుర్తుపట్టరు మరి!

"అన్నం, బెల్లం, అరిసెలు మానెయ్యండి ప్రభూ. మాంసం తినండి" అన్నాడు.

అంతవరకూ బాగానే ఉంది. పది రోజుల్లో నడుం రెండు వేళ్లు తగ్గింది కూడా. అక్కడితో ఊరుకుంటే ఆయన భూషణాచారి ఎందుకవుతాడు? కంకణం తొందరగా కొట్టేద్దామని ఇంకో ఆజ్ఞ తనే రాసి, రాజముద్ర వేయించాడు.

"కోటలో కొవ్వు ఎక్కడ కనబడినా బయట పారేయాలి. దాచినవాడికి దేశబహిష్కారం."

ఇంకేముంది! నెయ్యి పోయింది, వెన్న పోయింది. కోడికి చర్మం ఒలిచేశారు. గుడ్డులో పచ్చసొన తీసి పిల్లులకు పెట్టారు. పిల్లులు నిగనిగలాడాయి గానీ రాజు తోటకూర కాడలా వేలాడిపోయాడు. గంపెడు ఉడకబెట్టిన మాంసం తిన్నా ఆకలి తీరదు. పలకరిస్తే కస్సుమంటాడు. ఒకరోజు మంచినీళ్లు కావాలా అని అడిగిన పాపానికి మంత్రి మీదకి చెంబు విసిరాడు.

"ఏమిటయ్యా నాకీ ఖర్మ?" అని రాజు వైద్యుణ్ణి నిలదీశాడు.

తప్పు ఒప్పుకుంటే శిఖామణి బిరుదు ఊడిపోదూ! "నా వైద్యంలో లోపమా? శివశివా! మీ వంటవాడు గవరయ్య దొంగచాటుగా నెయ్యి కలుపుతున్నాడు. అందుకే ఈ నీరసం" అనేశాడు.

మూడు తరాలుగా ఆ వంటశాలే గవరయ్య ఇంటిల్లిపాదికీ బతుకు. ఆకలి మీదున్న రాజుకి అదేం పట్టలేదు.

"రేపు మధ్యాహ్నానికల్లా నీ తప్పు లేదని తేల్చు. లేకపోతే పెళ్లాం పిల్లలతో పొలిమేర దాటు" అన్నాడు.

మర్నాడు గవరయ్య సభలోకి ఒక మట్టి పొయ్యి మోసుకొచ్చాడు. దానిమీద నీళ్ల కుండ పెట్టాడు. పొయ్యి నోట్లో కట్టెలకు బదులు తడిమట్టి కూరడం మొదలుపెట్టాడు.

"ఏమిట్రా ఈ పిచ్చిపని?" అన్నాడు రాజు.

"ఇది తమరి భోజనం ప్రభూ. ఒంటికి మాంసం ఈ మట్టిలాంటిది. పొయ్యి బీటలు వారితే మెత్తడానికి కావలసిందే. కానీ మండడానికి కట్టెలు కావాలి కదా? అన్నం అనే కట్టె మానేశాం, సరే. దాని బదులు నెయ్యో నూనో ఉంటే మంట నిలిచేది. ఆచారిగారు అదీ తీసేసి మట్టి మీద మట్టి కూరుతున్నారు. నేనే గనక నెయ్యి కలిపి ఉంటే ఈపాటికి తమరి ఆకలి తీరేది!"

"అయితే నెయ్యి కడవలతో తాగమంటావా?" అని వైద్యుడు వెటకారమాడాడు.

"కడవలెందుకు స్వామీ! అరచేతంత మాంసం, సొనతో సహా గుడ్డు, ఆకుకూరలో గరిటెడు నెయ్యి. ఆకలి తీరగానే చెయ్యి కడుక్కోవడమే."

సభలో ఎవరో కిసుక్కున నవ్వారు. భూషణాచారి ముఖం కందగడ్డయింది.

"గరిటె తిప్పుకునే వెధవా, నాకు నేర్పుతావా? దేవవైద్యులు దిగొచ్చినా నా కాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకోవాలి! ఈ రాజు నేను తినమంటే తింటాడు, మానమంటే మానతాడు. ఈ కోటలో నా మాటకి ఎదురు చెప్పే మగాడెవడు?"

రాజు కనుబొమలు ముడిపడ్డాయి.

గవరయ్య చేతులు కట్టుకుని, "ప్రభూ, దొరికింది" అన్నాడు.

"ఏం దొరికింది?"

"కొవ్వు ప్రభూ! వంటశాలంతా వెతికితే చుక్క లేదు. మొత్తం ఆచారిగారికే పట్టింది. ఆజ్ఞ రాసింది కూడా వారే. బయట పారేయించమంటారా?"

రాజు సింహాసనం కదిలేలా పకపకా నవ్వాడు. ఆయన నవ్వి ఎన్ని రోజులైందో! మంత్రి ధైర్యం చేసి తనూ నవ్వాడు.

"ఆజ్ఞ అంటే ఆజ్ఞే! పారేయండి!" అని, రాజు కంకణం గవరయ్య చేతికి తొడిగాడు. "నువ్వు మాత్రం వంటశాల వదిలితే ఊరుకోను. ముందెళ్లి నేతిలో నాలుగు గుడ్లు వేయించు. పచ్చసొన పిల్లికి పెట్టావో, చూడు!"

భటులిద్దరు భూషణాచారిని చెరో రెక్క పట్టుకుని ఈడ్చుకుపోతుంటే, గుమ్మం దగ్గరున్న ఆయన మనిషి అలవాటుకొద్దీ గొంతెత్తాడు.

"వైద్యశిఖామణి వెళ్తున్నారహో!"