బొమికల తొట్టి

నాలుగేళ్ళుగా ఏలీషా మేస్త్రి దగ్గర పని నేర్చుకుంటున్నా, సాసు కలిపేటప్పుడు పక్కన నిలబడే భాగ్యం మాత్రం నూకరత్నానికి ఒక్కనాడూ దక్కలేదు.

అల్లం దంచమంటాడు, దంచుతుంది. పంది పక్కటెముకల వెనక అంటుకునుండే పల్చటి పొర ఊడదీయమంటాడు. ఆ పొరని చిరగకుండా ఒక్క లాగుడులో లాగేసే చెయ్యి కాకినాడ మొత్తం మీద తనదొక్కటేనని రత్నానికి గట్టి నమ్మకం, అబద్ధమూ కాదు. తీరా సాసు గిన్నె పొయ్యెక్కే వేళకి "నువ్వెళ్ళి బొగ్గులు చూడమ్మా" అనేస్తాడు మేస్త్రి.

ఆ మేస్త్రి సామాన్యుడా! ఇరవై రెండేళ్ళు ఓడల్లో వంట చేసినవాడు. సింగపూరని, హాంకాంగని, కొరియా అని, ఏ రేవులో దిగినా అక్కడి వీధి పొయ్యిల దగ్గర చేతులు కట్టుకుని నిలబడి నేర్చుకున్న విద్య ఆయనది. ఇప్పుడు హార్బరు రోడ్డులో ఒక రేకుల షెడ్డు, సగానికి కోసిన ఇనప డ్రమ్ము, దాన్నిండా సరుగుడు బొగ్గులు. నిమ్మగడ్డి కట్టని కుంచెలా పట్టుకుని, సాసు పూస్తూ, తిప్పుతూ, మళ్ళీ పూస్తూ కాలుస్తుంటే ఆ పొగకి లారీలు వాటంతటవే బ్రేకులేసుకునేవి.

ఓ గురువారం రత్నానికి ఓపిక అయిపోయింది.

"ఏంటండీ మేస్త్రిగారూ, ఆ సాసులో మీరు దాచేది? చెప్తే చెప్పండి. లేదంటే వైజాగులో మా పిన్ని కొడుకు హోటలుంది, అక్కడికి పోతాను."

మేస్త్రి పట్టకారు తుడుస్తున్నవాడల్లా తలెత్తాడు.

"దాచేదేం లేదే. ఆదివారం నీ సాసు నువ్వు కలుపు, నాది నేను కలుపుతాను. వచ్చినోళ్ళకి రెండూ పెడదాం. నీది గెలిస్తే ఈ డ్రమ్ము నీది. పట్టకారు కూడా నీదే."

"గెలవకపోతేనో?"

"వైజాగు బస్సులు అరగంటకొకటి ఉన్నాయిగా" అని నవ్వాడు. రత్నం నవ్వలేదు.

రెండు రోజులు ఆ పిల్ల నిద్ర మానేసినంత పని చేసింది. సోయా సాసు, నువ్వుల నూనె, అనాసపువ్వు, కొరియా వాళ్ళ పులిసిన మిరప ముద్ద, తేనె, చింతపండు, నారింజ తొక్క... మొత్తం పదిహేడు రకాలు. ఒక్కోటీ వేయడం, చుక్క నాలిక మీద వేసుకుని కళ్ళు మూసుకోవడం, తల అడ్డంగా ఊపి ఇంకో చిటికెడు వేయడం. ఆఖరికి శనివారం మధ్యాహ్నం కళ్ళు మూసుకున్నది మూసుకున్నట్టే ఉండి నవ్వుకుంది. కుదిరింది!

మేస్త్రి ఆ రోజు మొదటిసారి ఆమె ఎదుటే కలిపాడు. సోయా సాసు, అల్లం వెల్లుల్లి, తాటిబెల్లం, వెనిగరు, అనాసపువ్వు. అయిదంటే అయిదు. గరిటె వెనక్కి తిప్పి సాసు ఎలా జారుతుందో చూశాడు. బొటనవేలితో మాంసం నొక్కి చూశాడు. అంతే, నానబెట్టి మూత పెట్టేశాడు. చుక్కైనా నోట్లో వేసుకోలేదు.

'ఎంత పొగరు!' అనుకుంది రత్నం.

ఆదివారం పన్నెండింటికల్లా షెడ్డు నిండిపోయింది. పొద్దున సాసు దట్టంగా పూసి కాల్చిన రత్నం ముక్కలు అద్దంలా మెరుస్తున్నాయి, ఎర్రగా, నిగనిగా. జనం తినే ముందు ఫోటోలు తీసుకున్నారు.

"ఓయమ్మో, రత్నమ్మా!" అని కేకేశాడు పోలినాయుడు. ఆయన బొగ్గు లారీ నడుపుతాడు, ఎనిమిదేళ్ళుగా ఇక్కడే తింటాడు. "ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావే ఈ చెయ్యి? మేస్త్రీ, నీ పనైపోయిందిరోయ్!"

అందరూ గొల్లున నవ్వారు. మేస్త్రీ నవ్వాడు. నవ్వుతూనే ఎప్పట్లా తిన్న ప్లేట్లు తనే ఎత్తుకెళ్ళాడు. అదొక వింత అలవాటు ఆయనకి. ఎంగిలి ప్లేటు ఇంకొకరిని ముట్టుకోనివ్వడు. ఓడ అలవాటేమోలే అని ఎవరూ పట్టించుకోరు. ఈసారి మాత్రం కుళాయి దగ్గర రెండు తొట్టెలు పెట్టాడు, ఆమె ముక్కల బొమికలు ఒకదాంట్లో, తనవి ఒకదాంట్లో.

మూడింటికి షెడ్డు ఖాళీ అయింది. రత్నం ఒక పళ్ళెంలో తన ముక్క ఒకటి, ఆయన ముక్క ఒకటి పెట్టి తెచ్చింది.

"ఇప్పుడు మీరు చెప్పండి మేస్త్రిగారూ. ఏది బాగుంది?"

మేస్త్రి మొదటిది నమిలాడు. రెండోదీ నమిలాడు. పంచె అంచుతో మూతి తుడుచుకున్నాడు.

"రెండూ ఒక్కటేనమ్మా."

రత్నానికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఊరంతా ఒప్పుకుంది. మీకే నోరు రావట్లేదు. శిష్యురాలు మించిపోతే ఒప్పుకోడానికి మనసుండాలండీ!"

మేస్త్రి చెయ్యి చాపి కళ్ళుప్పు డబ్బా దగ్గరికి లాక్కున్నాడు. పిడికిలి నిండా ఉప్పు తీశాడు. నోట్లో పోసుకున్నాడు. పటికబెల్లం నమిలినట్టు పటపటా నమిలాడు. కన్ను చెమ్మగిల్లలేదు, కనుబొమ్మ ముడిపడలేదు. మింగాడు.

రత్నం చేతిలోంచి పళ్ళెం జారి కింద పడింది.

"మేస్త్రిగారూ!"

"పదకొండేళ్ళయింది. ఓడలో జ్వరం తగిలింది. జ్వరం దిగింది గానీ నాలికా ముక్కూ మళ్ళీ రాలేదు" అన్నాడాయన, ఏదో గొడుగు పోయిన సంగతి చెప్పినట్టు. "నా గుడ్డితనం బయటపడుతుందనే నిన్ను బొగ్గుల దగ్గరికి పంపేవాణ్ణి."

రత్నం అక్కడే పీట మీద కూలబడింది. పదకొండేళ్ళు! ఈ డ్రమ్ము పెట్టి తొమ్మిదేళ్ళు. పోలినాయుడు తిన్నది, కలెక్టరాఫీసు వాళ్ళు కట్టించుకుపోయింది, తను మొదటిరోజు కొరికి ఏడుపొచ్చినంత పనై ఇక్కడే నేర్చుకోవాలని ఒట్టేసుకున్నది... ఇదంతా రుచే తెలియని మనిషి చేసిందా?

"మరి... మరి ఎలాగండీ?" అని అడిగింది.

మేస్త్రి లేచి కుళాయి దగ్గరికి నడిచాడు. గోనెపట్టా పరిచి, రెండు తొట్టెలూ పక్కపక్కనే బోర్లించాడు.

కుడివైపు మేస్త్రి ముక్కల బొమికలు. తెల్లగా, కడిగి ఆరబెట్టినట్టున్నాయి. కొన్నింటి చివరలు మూలుగ కోసం కొరికి పిప్పి చేశారు.

ఎడమవైపు రత్నానివి. ప్రతి బొమికకీ మాంసం అంటుకునే ఉంది.

"తినేవాళ్ళ నోరు మొహమాటపడుద్దమ్మా. ఇవి పడవు" అన్నాడు మేస్త్రి. "ఎక్కడిదాకా కొరికి ఆపేశారో చూడు."

రత్నం ఒకటి తీసింది. వెలుతురుకి పెట్టి చూసింది. ఇంకోటి తీసింది. ఇంకోటి. అన్నీ ఒక్క తీరే. పైన సాసు ఎర్రగా ఉన్నంత మేరకే పంటి గాట్లున్నాయి. దాని కింద తెల్లటి మాంసం, ఉప్పూ కారం ఎరగనట్టు, పచ్చివాసనతో, ఎవరూ తాకకుండా మిగిలిపోయి ఉంది. "ఓయమ్మో" అన్న పోలినాయుడి ప్లేటులోదీ అంతే.



మేస్త్రి పట్టకారు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "ఇదిగో. మాట ప్రకారం. ఊరంతా నీదే బాగుందంది కదా."

రత్నం దాన్ని ముట్టుకోలేదు.

ఆ వేళకే ఎవరో ముసలాయన గొడుగు మడుచుకుంటూ వచ్చి, ఏదుంటే అది పెట్టమన్నాడు. డ్రమ్ము మీద మిగిలిన మేస్త్రి ముక్కలు రెండు తిని, చేతులు కడుక్కోడానికి లేచాడు. అలవాటు ప్రకారం మేస్త్రి అటు కదిలాడు.

"ఉండండి మేస్త్రిగారూ" అంటూ రత్నం లేచింది. "ఆ ప్లేటు నేను తీస్తాను."